గుట్ట మీద ముంతలు

"ఏం తవ్వుతాన్రు సారూ?"

మేకల కట్టయ్య అడిగినా రాజేశ్వర్ రావు పార ఆపలేదు.

"నీళ్ల కోసం కట్టయ్యా."

"గుట్ట మీద నీళ్లా?"

"వాన నీళ్లు ఈ గుంతల్ల ఆగితే గడ్డి మొలుస్తది, చెట్లు లేస్తయి. పోయిన నెమళ్లు మళ్ల వస్తయి."

కట్టయ్యకు నవ్వొచ్చింది. గుట్ట కింద తన బావే ఏటా శివరాత్రికి ఎండిపోతుంది. మేకలను తోలుకొని ఊళ్లు పట్టుకు తిరగాల్సిందే. పైన నీళ్లట, పైగా నెమళ్లట!

అది పంతొమ్మిది వందల ఎనభయ్యో సంవత్సరం. రాజేశ్వర్ రావు దంపతులు పొద్దుటి బస్సుకు హనుమకొండ నుంచి వచ్చి, మడికొండ అవతల దిగి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవారు. ఆయన బడిపంతులుగా రిటైరయ్యాడట. ఆయన తవ్విన మట్టిని భార్య శారద తట్టతో ఎత్తి గుంత అంచున కట్టగా పోసేది.

కూలికి ఒక్కరినీ పిలవరు. కట్టయ్యకు అదే మింగుడు పడలేదు. దాచేదేమీ లేకపోతే ఈ వయసులో ఇంత చాకిరీ ఎందుకు?

ఒకరోజు బండ మీద వరుసగా నీళ్ల ముంతలు, పక్కన చల్లిన జొన్నలు కనిపించాయి. కాకతీయుల నాటి లంకెబిందెలు తీసేవాళ్లు ముందు కాపలా పామును ఇట్లాగే శాంతింపజేస్తారని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ తర్వాత బలి ఇస్తారు.

ఆ వారమే అతని నల్ల మేకపోతు మాయమైంది.

"నిధికి నా పోతును కోసిన్రు! రేపు మన పోరగాండ్లను కోయరని ఏం నమ్మకం?"

ఊరు ఊరంతా గుట్టెక్కింది. ముంతలు పగిలాయి. కట్టయ్య పార గుంజుకొని లోయలోకి విసిరేశాడు.

"అవి పిట్టల కోసం పెట్టిన నీళ్లు," అంది శారద.

"మాకు కథలు చెప్పకమ్మా. బస్సొచ్చే యాళయింది, నడువుండ్రి."

ఇద్దరూ గుట్ట దిగిపోయారు. మళ్లీ రాలేదు.

మేకపోతు మాత్రం వచ్చింది. పక్క ఊరి మొగిలయ్య మందలో కలిసి మేసి, బలిసి మరీ వచ్చింది. ఆ సంగతి కట్టయ్య ఊళ్లో ఎత్తనే లేదు.

ఆ వానాకాలం గుంతలు నిండాయి. నడి ఎండల్లో కూడా కట్టయ్య బావిలో బొక్కెన మునిగింది. గుట్ట మీద నెమలి కూత విని అతను ఎంతసేపో అక్కడే నిలబడిపోయాడు. చేసిన పని లోపల ముల్లై గుచ్చింది.

మరో రెండు వానాకాలాలకు గుంతలు పూడిపోసాగాయి. బావి మళ్లీ అడుగంటుతోంది. కట్టయ్య సిగ్గు చంపుకొని హనుమకొండ బస్సెక్కి, వాకబు చేసి సారు ఇల్లు పట్టుకున్నాడు.

"అమ్మ లేదా సారూ?"

"కార్తీకంల పోయింది కట్టయ్యా."

కట్టయ్య గడపలోనే కూలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"పెద్ద తప్పయింది సారూ. గుంతలు మేమే తీసుకుంటం, ఎట్ల తియ్యాల్నో జర చెప్పుండ్రి. అప్పుడే ఊరోళ్లను తోడు పిలిస్తే తలో చెయ్యి వేయకపోదుమా?"

"నేనూ అదే అన్న. ఆమె ఒప్పుకోలేదు."

"ఎందుకు సారూ?"

"ఆ గుట్ట ఆమె పుట్టింటిది కట్టయ్యా, మీ ఊరి గడీ దొర బిడ్డనని తెలిస్తే మీరంతా మళ్ల వెట్టికి వచ్చినట్టు వస్తరని, తన తట్ట తనే మోసింది."