చీపురు బండి

"ఎక్కు."

"ఎక్కను."

"ఎలాదియో, మాట విను. ముందు గుంపుకీ నీకూ ఇరవై ఆరు నిమిషాల తేడా. ఇంకెవణ్ణి పట్టుకుందామని?"

వ్యాను కిటికీలోంచి తల బయటపెట్టి డ్రైవరు సాతూరియో అడిగాడు. ఆ వ్యాను నెత్తిన నిజమైన చీపురే ఒకటి కట్టి ఉంటుంది. సైకిలు రేసులో వెనకబడ్డవాళ్లను ఊడ్చుకుపోయే బండి అది. అది పక్కకొచ్చి నిలిచిందంటే తొక్కేవాడి పని అయిపోయినట్టే. వీపు మీది నంబరు పీకి డ్రైవరు చేతికిచ్చి ఎక్కాల్సిందే.

ఎలాదియో నంబరు ఎనభై ఏడు. పొద్దున రాతి వంతెన మలుపులో పదిమందితో కలిసి పడ్డాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది. కుడి మోకాలు వాచి, తొక్కినప్పుడల్లా ప్రాణం లాగేస్తోంది. రోడ్డుకు రెండు పక్కలా కోసేసిన గోధుమ చేలు. నీడన్నది లేదు.

"ఎనిమిది కిలోమీటర్లే అన్నా. మా ఊరు దాటనియ్యి. కోట గుమ్మంలోంచి దూరి, గుడి ముందు నుంచి ఒక్కసారి వెళ్తాను. ఊరి చివర నేనే ఆగి నంబరు నీ చేతిలో పెడతాను."

"మీ ఊరు నువ్వెప్పుడూ చూడనట్టు!"

"రేసులో చూళ్లేదు. పదమూడేళ్లుగా తొక్కుతున్నా. ఒక్క రేసూ మా వాల్దెరుబియో మీదుగా పోలేదు. ఈ ఏడు పోతోంది. వచ్చే ఏడు నేనుండను."

అందరికీ తెలిసిన సంగతే. ముప్పై ఆరేళ్లవాణ్ణి ఏ జట్టు ఉంచుకుంటుంది?

ఇంతలో వ్యానులో రేడియో గరగరలాడింది. "చీపురు బండీ, వింటున్నావా? ఎనభై ఏడుని వెంటనే ఎక్కించుకో. త్వరగా రావాలి."

వెనక గడ్డి కట్టలేసుకున్న ట్రాక్టరొకటి పీపీమని హారను కొట్టింది. దాని వెనక లారీలు.

"విన్నావుగా? రోడ్డు వదిలేయమంటున్నారు. నేనేం చెయ్యను తమ్ముడూ!"

ఎలాదియో తొక్కడం ఆపలేదు. ఆపితే మళ్లీ సైకిలెక్కలేనని అతనికి తెలుసు.

"అక్కడ ఒనొరాతో బాబాయ్ పొద్దుటి నుంచీ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడన్నా."

"ఎవరాయన?"

"మా ఊళ్లో సైకిళ్లు బాగుచేసే ఆయన. నాకు తొక్కడం నేర్పింది ఆయనే. పడి ఏడిస్తే చెవి మెలేసి మళ్లీ ఎక్కించిందీ ఆయనే. నన్ను నంబరుతో ఒక్కసారి కళ్లారా చూడాలని పదమూడేళ్లుగా అంటున్నాడు." ఎలాదియో ఇంకాస్త బలంగా తొక్కాడు. "ఆయన ముందు ఈ చీపురు బండి లోంచి దిగమంటావా నన్ను?"

రేడియో మళ్లీ మోగింది. "సాతూరియో, ఎక్కించావా? ఎనభై ఏడు గురించి ఇక్కడ..."

సాతూరియో చెయ్యి చాచి టక్కున కట్టేశాడు.

"పాడైపోయింది," అన్నాడు. "ఈ రేడియోల సంగతి తెలిసిందే కదా. ఇదిగో, నీళ్లు. తొక్కు."

ఎనిమిది కిలోమీటర్లూ ఎత్తెక్కే దారే. వ్యానైతే పది నిమిషాల్లో ఎక్కేస్తుంది. ఎలాదియోకి నలభై నిమిషాలు పట్టింది. దారిలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. కళ్లు చీకట్లు కమ్మి ఒకసారి గుంటలోకి పోబోయాడు.

"తొక్కరా ముసలోడా!" సాతూరియో వ్యాను తలుపు మీద దరువేస్తూ అరిచాడు. "మా అత్తగారు సంతకి నీకంటే జోరుగా పోతుంది!"

"ఆవిడకి నంబరిప్పించు," అన్నాడు ఎలాదియో రొప్పుతూ. పగిలిన పెదాలతోనే నవ్వాడు. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు.

కోట గుమ్మం దాటగానే బండరాళ్ల వీధి. చక్రం ఎగిరిపడ్డప్పుడల్లా మోచేతి గాయం భగ్గుమంది. అయినా నడుం నిలబెట్టి, చొక్కా సర్దుకుని, గుడి ముందుకు వచ్చాడు.

జనం ఉన్నారు. నలుగురైదుగురు చొప్పున గుంపులుగా నిలబడి ఉన్నారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. రొట్టెల దుకాణం ఆమె అతన్ని చూసి తల తిప్పుకుంది.

సిగ్గుపడుతున్నారు కాబోలు నన్ను చూసి, అనుకున్నాడు. ఆఖరివాడికి ఎవరు మాత్రం చప్పట్లు కొడతారు?

గుడి వరండా స్తంభాల దగ్గర కుర్చీ ఉంది. అందులో ఎవరూ లేరు.

ఒనొరాతో కూతురు విసీ జనంలోంచి బయటికొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. సైకిలు హ్యాండిలు పట్టుకుని ఆపింది.

"బాబాయ్ ఏడీ? ఎండకి తాళలేక ఇంటికెళ్లాడా?"

"అందరూ వెళ్లిపోయాక కూడా లేవలేదురా. నువ్వు రావాలని అలాగే కూర్చున్నాడు. ఉన్నట్టుండి గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. ఇక ఎక్కువసేపు ఉండడు, నిన్ను పిలిపించమని డాక్టరమ్మ చెప్పింది. రేసు వాళ్లని బతిమాలాం. మూడుసార్లు కబురు పెట్టించాం."

వెనక వ్యాను తలుపు తీసి దిగబోయిన సాతూరియో కాలు మెట్టు మీదే ఉండిపోయింది.

"ఎప్పుడు?" అన్నాడు ఎలాదియో.

"పోయి పది నిమిషాలైంది." విసీ అతని వీపు మీది నంబరును చేత్తో తడిమింది. "చివరిదాకా ఒకటే మాట. సైకిలూ వద్దు, నంబరూ వద్దు, ఆ చీపురు బండిలోనైనా సరే, వాణ్ణి తెచ్చేయండి అని."