గుట్టమైసమ్మ వాటా

“ఇంత బద్ధకమైతే ఎలాగోయ్? పొద్దు వాలిపోతోంది” అన్నాడు బాపిరాజు, బండ మీద కూలబడి రొప్పుతూ.

దారి చూపిస్తూ ముందు నడుస్తున్నది మొగులయ్య. కూలబడింది బాపిరాజు. అయినా బద్ధకం మొగులయ్యదే. ఫ్యాక్టరీలో పర్సనెల్ ఆఫీసరు గనక ఎవరికి ఏ గుణం ఉందో ఆయనే నిర్ణయిస్తాడు.

వెనకాల ఆయన భార్య కమలాకుమారి గొడుగు వేసుకుని, ఆమె తమ్ముడు వీర్రాజు టిఫిన్ క్యారియరు మోసుకుని ఎక్కుతున్నారు. కింద ఆపిన జీపు ఫ్యాక్టరీది, అందులో పెట్రోలు ఫ్యాక్టరీది. సొంతమైనదల్లా తుపాకీ ఒక్కటే, అదీ తాతగారిది. ఆ తాతగారు ఏజెన్సీలో పులిని కొట్టారట. బాపిరాజు చెప్పిన ప్రతిసారీ ఆ పులి ఓ అడుగు పొడుగు పెరుగుతుంది.

“తుపాకీ ఎప్పుడైనా ముట్టుకున్నావా?” అని మొగులయ్యను అడిగాడు.

“పేల్చలే సారూ. చిన్నగున్నప్పుడు దొరల షికార్లల్ల తూటాలు నింపేటోణ్ణి.”

“నింపడం వేరు, కొట్టడం వేరు. కొట్టడానికి వంశం ఉండాలి.”

ఈ వేట ఒక క్యాలెండరుతో మొదలైంది. యంత్రాలమ్మే విదేశీ కంపెనీ పంపింది. 1968 జనవరి పేజీలో మంచుకొండ మీద, చెవుల పక్క మెలిక తిరిగిన పెద్ద కొమ్ములతో ఒక కొండగొర్రె నిలబడి ఉంది. కొడుకు ఉద్యోగం కోసం ఆరోసారి ఆఫీసుకు వచ్చిన మొగులయ్య ఆ బొమ్మకేసి చాలాసేపు చూశాడు.

“గసొంటివి మా గుట్ట మీద తిరుగుతయి సారూ” అన్నాడు.

మొగులయ్య మూడెకరాలూ ఫ్యాక్టరీ కింద పోయాయి. భూమి పోయిన ప్రతి ఇంటికీ ఒక కొలువన్నారు. రెండేళ్లుగా ఎన్ని దరఖాస్తులు రాయించినా వాటి మీద బాపిరాజు సంతకం పడలేదు. పండించినచోటే జొన్నలు కొనుక్కు తినే రోజులొచ్చాయి. కొడుకు బొంబాయి పోతానంటున్నాడు. అదంతా ఐదుసార్లు విన్నా చలించని బాపిరాజుకు, ఆరోసారి మొగులయ్య మనిషిలా కనిపించాడు.

“చూపించు. నీవాడి సంగతి చూస్తాను” అన్నాడు.

“నీ పెళ్లాన్ని కూడా తీసుకురావల్సింది. ఈ గిన్నెలు మోసేదిగా” అంది గుట్ట ఎక్కుతున్న కమలాకుమారి, మొగులయ్యతో.

“కట్టెలకు వోయిందమ్మా, పొద్దుగాలనే.”

“వీళ్లకి మర్యాద తెలీదురా తమ్ముడూ” అంది ఆమె, మొగులయ్యకు వినపడేటట్టే.

గుట్ట నడుమ కుంకుమ పూసిన రాయి దగ్గర మొగులయ్య ఆగాడు. “సారూ, తూటాలు జెర ఇయ్యుండ్రి. గుట్టమైసమ్మకు సూపిస్త. సూపియ్యకుంట పేలిస్తే తుపాకి తిరగవడ్తది.”

“మూఢనమ్మకం!” అన్నాడు బాపిరాజు. అంటూనే తూటాలు తీసి ఇచ్చేశాడు. మొగులయ్య రాయి వెనక్కి పోయి, కాసేపటికి మూతుల దగ్గర పసుపు మెత్తిన తూటాలు తెచ్చాడు.

పైకి చేరేసరికి సూర్యుడు దిగిపోతున్నాడు.

“అగో సారూ!”

ఎదుటి బండ మీద, ఎర్రటి వెలుతురుకు అడ్డంగా మెలికల కొమ్ములు.

“బావా, ఊళ్లో పొట్టేలులా ఉందే!”

“నోర్ముయ్. సంతలో గొర్రెల్ని చూసిన కళ్లు నీవి. ఆ కొమ్ములు చూడు, అచ్చం క్యాలెండరే!”

తుపాకీ పేలింది. ఆ చప్పుడుకే బాపిరాజు వెనక్కి పడ్డాడు. బండ మీది జంతువు ఒక్కసారిగా ఒరిగి అవతలికి పడిపోయింది.

“ఒక్కటే దెబ్బ! తాతగారి రక్తం!” అంటూ అటు పోబోతుంటే మొగులయ్య అడ్డం నిలబడ్డాడు.

“కొట్టినోళ్లు నెత్తురు సూడొద్దు సారూ. తల మైసమ్మ వాట. నేను వోయి కూర తెస్త.”

“తల గోడకి తగిలించుకోవాలోయ్!”

“అమ్మవారి వాటా మనకెందుకండీ? పిల్లలు గలవాళ్లం” అంది కమలాకుమారి. బాపిరాజు గొణుక్కుంటూ ఆగిపోయాడు. నిజానికి అటు ఎక్కే ఓపిక కూడా ఆయనకు లేదు.

అరగంటకు మొగులయ్య మోదుగాకుల్లో చుట్టిన మాంసంతో తిరిగొచ్చాడు. వీర్రాజు ముట్టుకుని చూశాడు.

“ఇప్పుడు కోసింది ఇంత చల్లగా ఉందేంటి?”

“గుట్ట మీది గాలి సలువ సారూ.”

“నీకన్నీ సందేహాలే!” అని బావమరిదిని కసిరాడు బాపిరాజు.

జీపు దగ్గర మొగులయ్య తలగుడ్డ మడతలోంచి కొత్త దరఖాస్తు తీశాడు. బాపిరాజు దాన్ని బానెట్ మీద పెట్టి, అగ్రహారం రాసిచ్చినంత గొప్పగా సంతకం గీశాడు.

“ఇంకా ఉన్నాయా అవి?”

“మీ అసొంటి గురిగాళ్లొస్తే దొర్కుతయి సారూ.”

“అయితే వచ్చే ఆదివారం మళ్లీ వస్తాం.”

ఆ పూట క్వార్టర్సులో భోజనాల దగ్గర కమలాకుమారి మెచ్చుకోలుగా అంది: “ఒక్క సీసపు రవ్వైనా పంటికి తగల్లేదండీ.”

“గురి అంటే అదే. తలకి కొట్టాను” అన్నాడు బాపిరాజు, ఇంకో ముక్క వేయించుకుంటూ.

ఆ పాటికి తన ఊరు కిష్టారెడ్డిపేటలో మొగులయ్య దొడ్లోకి పోయి, కాగితాన్ని భార్య నర్సింహమ్మ చేతిలో పెట్టాడు. ఆమెకు చదువు రాదు. ఆ సిరా గీతను వేలితో తడిమి బావురుమంది. రెండేళ్లుగా దిగమింగుకున్న ఏడుపది.

“వచ్చే ఐతారం మల్ల వస్తడట” అన్నాడు మొగులయ్య.

“రానియ్యి. పక్కింటి సత్తయ్య భూమి గూడ వోయె గద. గా దినం ఆయన కొడుకు కాయితం తీస్కపో” అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

తర్వాత వంగి, గుట్ట మీద బండ చాటు నుంచి తాను లాగిన తాడును మెలికల కొమ్ముల పొట్టేలు కాలి నుంచి విప్పింది.