నాన్నగారి పక్క చోటు

"ఔనో కాదో సాయంత్రం అయిదింటికల్లా తేల్చెయ్యాలి అన్నయ్యా! నాన్నగారి పక్క చోటు వేరేవాళ్ళు అడుగుతున్నారు. చర్చి సంఘపెద్దలు మీటింగుకి కూర్చుంటున్నారు. కావాలంటే నీ సంతకంతో కాగితం ఫ్యాక్స్ చెయ్యి" అని నర్సాపురం నుంచి తమ్ముడు ఆండ్రూ ఫోన్ పెట్టేశాడు.

చోటంటే సమాధుల తోటలో చోటు. తండ్రి సమాధి పక్కన సరిగ్గా ఇద్దరికి సరిపోయేంత మిగిలింది. పెద్దకొడుకు గనక మొదటి హక్కు దయారత్నానిది.

"ఇందులో ఆలోచించడానికేముంది? బతుకంతా ఈ ఊరి దుమ్ములోనే పోయింది. పోయాకైనా మన ఊళ్ళో పడుకోవద్దూ?" అన్నాడు దయారత్నం భార్యతో.

 సుమిత్ర బీరువా తెరిచి ఏదో తీసి సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుని అతని వెంట బయల్దేరింది.

ఎస్.ఆర్. నగర్ సందు మొదట్లో రాజనర్సయ్య ఆటో ఉంది. పదిహేనేళ్ళుగా వాళ్ళకు అదే ఆటో.

"ఏడికి సార్?"

"అమీర్‌పేట, ఫ్యాక్స్ షాపుకి. ఇవాళ్టితో ఈ ఊరికీ నాకూ చెల్లు!"

"గిట్ల మస్తుసార్లు చెప్పినవ్ తియ్. కూసో."

ఆటో పది గజాలు నడిచి ఆగింది. దయారత్నం మొదలుపెట్టాడు. రోడ్డు తవ్వినవాడు పూడ్చడు. నల్లా నీళ్ళు రెండ్రోజులకోసారి. కంప్యూటర్ కోర్సుల బోర్డులు అడ్డమొచ్చి ఆకాశం కనపడదు. ఇక టీ సంగతి చెప్పనక్కర్లేదు.

"మీ గోదావరోళ్ళే గద సార్ వచ్చి నింపిండ్రు" అన్నాడు రాజనర్సయ్య హారన్ కొడుతూ. "ఒక్కడు తగ్గుతుండంటే నాకు సుత ఖుషే. జర రోడ్డు ఖాళీ అయితది."

"చూశావా సుమిత్రా, ఈ ఊరి మర్యాద!"

సుమిత్ర మెల్లగా అంది. "మన అమ్మాయి సెరీనా కాపురం ఇక్కడ కదండీ. ఈస్టరు తెల్లవారుజామున మన సమాధి మీద కొవ్వొత్తి పెట్టడానికి పిల్లల్ని వేసుకుని అంత దూరం రాగలదంటారా?"

"రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగుతుంది."

 సుమిత్ర సంచిని ఒళ్ళో గట్టిగా పట్టుకుంది.

ఫ్యాక్స్ షాపు ముందు బయోడేటాలు పట్టుకున్న కుర్రకారు బారులు తీరి ఉంది. దయారత్నం గల్లా బల్ల మీదే కాగితం రాసి, సంతకం చేసి, వరసలో నిలబడ్డాడు. ముందున్న పెద్దమనిషి కాళ్ళ దగ్గర సూట్‌కేసు ఉంది. కూతుర్ని కోర్సులో చేర్చడానికి భీమవరం నుంచి వచ్చాట్ట.

"ఛీ, ఏం ఊరండీ బాబూ! నోట్లో పోసుకునే నీళ్ళు లేవు, టీ అంటే పంచదార పాకం. మనుషులు ఎలా బతుకుతారండీ ఇక్కడ?" అన్నాడాయన.

అన్నీ దయారత్నం రోజూ అనే మాటలే. తోడు దొరికింది, ఇక సాయంత్రం దాకా కదలడు అనుకుంది సుమిత్ర.

"ఎప్పుడు దిగారు?" అన్నాడు దయారత్నం.

"ఇవాళ పొద్దున్నేనండి."

"పొద్దున దిగి, మధ్యాహ్నానికే ఊరికి వంకలు పెట్టేస్తారా? దీన్ని తిట్టాలంటే ఇక్కడ ఇరవయ్యేళ్ళుండాలి. టీ ఎక్కడ తాగారు? బస్టాపు దగ్గరా? అక్కడెవడు తాగమన్నాడు? చౌరస్తా దాటితే ఎడంపక్క ఇరానీ హోటలుంది, అందులో తాగి అప్పుడు మాట్లాడండి. అమ్మాయిని బోరునీళ్ళ హాస్టల్లో చేర్చకండి, జుట్టు రాలిపోద్ది. నల్లాలో మంజీర నీళ్ళు వస్తాయా అని ముందడగండి!"

షాపంతా తిరిగి చూసింది. దయారత్నం చెమట తుడుచుకుని వరసలోంచి బయటికొచ్చాడు.

"అరిచి గొంతెండింది. టీ తాగొద్దాం పద. నువ్వూ రావయ్యా నర్సయ్యా."

ఇరానీ హోటల్లో అడక్కుండానే మూడు టీలు, అతనికి ఇష్టమైన ఉస్మానియా బిస్కట్లు వచ్చాయి. "టీ కాదిది, కషాయం" అంటూ దయారత్నం సాసర్లో పోసుకుని చివరి చుక్కదాకా తాగాడు. అతని జేబులో సెల్‌ఫోను మోగింది.

"అన్నయ్యా, నాలుగున్నరైంది. కాగితం రాలేదే?"

సంతకం చేసిన కాగితం అతని ముందు బల్లమీదే ఉంది. దానిమీద కప్పు పెట్టినచోట గుండ్రంగా టీ మరక పడింది. దయారత్నం దానికేసి కాసేపు చూశాడు.

"ఆ చోటు వాళ్ళకే ఇచ్చెయ్యరా."

"అదేంటన్నయ్యా!"

"వానాకాలం అక్కడంతా బురద. నాకసలే తేమ పడదు."

ఫోన్ పెట్టేశాడు. రాజనర్సయ్యకు పొలమారింది. "సచ్చినంక సుత జలుబైతదా సార్?"

 దయారత్నం పెళ్ళాం మొహంలోకి చూడకుండా బిస్కట్టు తుంచుతూ అన్నాడు. "పంజాగుట్టలో మన సంఘం సమాధుల తోట ఉందిగా. పాస్టరు అయ్యగారినోసారి అడుగుదాం. ఇప్పుడు అడిగితే ఎక్కడ దొరుకుతుందిలే. ఉన్నదీ పోయింది, ఇదీ లేదు."

సుమిత్ర సంచిలోంచి మడత కాగితం తీసి అతని ముందు పెట్టింది. సంఘం ముద్ర ఉంది. ఇద్దరి పేర్లూ ఉన్నాయి. తేదీ మూడేళ్ళ కిందటిది.

దయారత్నం రెండుసార్లు చదివాడు. "నాకు చెప్పకుండానా?"

"చెబితే ఒప్పుకునేవారా?"

అతను కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని మూడోసారి చదివాడు. అంతలో మొహం చిట్లించాడు. "ఇదేంటి, రోడ్డువైపు గోడ పక్కనా? పొద్దస్తమానం ఆ బస్సులు, ఆ హారన్లు! లోపల చెట్ల కింద ఖాళీ లేదన్నారా?"

"ఇస్తామనే అన్నారండీ. నేనే గోడ పక్కన అడిగాను" అంది సుమిత్ర. "మీరు తిట్టుకోవడానికి అక్కడ కూడా ఏదో ఒకటి ఉండాలిగా!"