నలభై రోజుల నూనె

"ఆ పూలు కిందపెట్టు సుమిత్రా! నిన్ననే నీ బొట్టు తీసినం." సుమిత్ర భర్త జగపతికి అక్క అయిన కౌసల్య డాబా తలుపు దగ్గరే అడ్డం నిలబడింది.

"తలల పెట్టుకుంటలేను వదినె. నూనెల వేస్తున్న."

పిట్టగోడ మీద నువ్వుల నూనె సీసా ఎండకు ఉంది. యునాని దవాఖానలో మందులు కలిపే జగపతి, భార్య తలనొప్పికని గులాబీ రేకులు వేసి పెట్టాడు. ఆ మర్నాడే పోయాడు. ఇవాళ పదకొండో రోజు. నూనె నలభై రోజులు ఎండలో ఉండాలి, వారానికోసారి రేకులు మార్చాలి.

"ఆయన వేసినయి నల్లగైనయి. మార్చకుంటే కరాబైతది."

"కానియ్. మనిషే పోయిండు."

"ఆయన పోయిండు. నా తలనొప్పి పోలే."

సుమిత్ర ఆమెను దాటి వెళ్లి సీసా ముందు కూర్చుంది. పువ్వును గుప్పిట్లో నలిపి రేకులు పీకసాగింది.

కౌసల్య భర్త పోయి ఇరవై ఏళ్లు. అప్పటినుంచి ఆమె పువ్వు ముట్టలేదు. కాసేపు చూసి, తలుపు మూసి గొళ్లెం పెట్టి, వచ్చి పక్కన కూర్చుంది.

"గట్లనా తుంచేది? ఇటియ్యి."

రెండు పూలయ్యాక సుమిత్ర అంది: "తలుపు తియ్యి వదినె."

"కింద చుట్టాలున్నరే!"

"అందుకే."

కౌసల్య చేతిలో పువ్వుతోనే లేచి గొళ్లెం తీసింది.