ఎదురు గది ప్రశ్న

"మీ ఆవిడకి ఏ మందు ఎక్కిస్తున్నారు బాబూ?"

ఎదురు గది తలుపు సందులోంచి మళ్లీ అదే ప్రశ్న. పొద్దుట్నుంచి ఇది మూడోసారి.

వాహెద్‌కు చిర్రెత్తింది. సిడ్నీ ఆస్పత్రిలో తెలుగు వినపడితే సంతోషించే స్థితిలో లేడు.

అపెండిక్స్ ఆపరేషన్ అయిన ఐదో రోజు భార్య హఫీజా కుట్లకు చీము పట్టింది. జ్వరం దిగడం లేదు. వాహెద్ నడుముకున్న పేజర్ మోగుతూనే ఉంది. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుగా లెక్కేస్తాయన్న వై-టూ-కే గడువుకు ఇంకా ఆరు వారాలే. ఆఫీసులో ప్రోగ్రాములు సగం కూడా సరిచేయలేదు.

"మీకెందుకంకుల్?"

"నాకూ ఇలాగే చీము పట్టింది. నాలుగు మందులు పనిచెయ్యలేదు. అవే మీ ఆవిడకి..."

"ఆమెకున్నది వేరే బ్యాక్టీరియా. డాక్టరే చెప్పిండు. ఊకే భయపెట్టకండి!"

"పేరు వేరైనా, బాబూ..."

వాహెద్ విసురుగా వెళ్లి నర్సుకు ఫిర్యాదు చేశాడు. ఆమె ఎదురు గది తలుపు మూసేసింది.

సాయంత్రానికి హఫీజాకు వణుకు మొదలైంది. వాహెద్ కూర్చోలేడు, నిలబడలేడు. కారిడార్‌లో అటూ ఇటూ తిరిగాడు.

డాక్టర్ ఏదో చీటీ చేత్తో పట్టుకుని వచ్చాడు. ఎక్కుతున్న మందు ఆపించి, వేరేది పెట్టించాడు.

మర్నాడు జ్వరం తగ్గింది. మూడో రోజు హఫీజా చాయ్ అడిగింది.

"మందు ఎందుకు మార్చారు డాక్టర్?"

"ఎదురు గది శౌరయ్య గారు రాసి పంపారు. క్రిమి పేరు చూసి ఆగొద్దన్నారు. కొన్ని బ్యాక్టీరియాల్లో ప్లాస్మిడ్ అని చిన్న డీఎన్ఏ చుట్ట ఉంటుంది. మందుల్ని ఓడించే జన్యువులు అందులో ఉండొచ్చు. ఒక జాతి దాన్ని ఇంకో జాతికి అందిస్తుంది. ఇవాళే రిపోర్టు వచ్చింది. ఇద్దరిలోనూ ఒకటే ప్లాస్మిడ్. అందుకే ఆయనకు పనిచేయనివి వదిలేసి, మిగిలిన ఒక్క మందూ ఇచ్చాం."

"మరి ఆయనకూ అదే ఇవ్వొచ్చు కదా?"

"ఆయన కిడ్నీలు దాన్ని తట్టుకోలేవు."

వాహెద్ ఎదురు గదికి పరుగెత్తాడు.

మంచం ఖాళీ. ఆయన భార్య సువర్ణకుమారి బట్టలు సంచిలో సర్దుతోంది.

"అంకుల్ ఏరి ఆంటీ? మాఫీ అడగాలె."

"తెల్లారగట్ట పోయారు బాబూ."

వాహెద్ ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు.

"అంకుల్... డాక్టరా?"

"కాదు బాబూ, క్రిములు మందులకి ఎలా ఎదురు తిరుగుతాయో కాకినాడలో ముప్పయ్యేళ్లు డాక్టర్లకి పాఠం చెప్పిన మాస్టారు."