అవిసె గంజి

సింకు పక్కన గాజు సీసా. తళతళలాడేట్టు తోమి, బోర్లించి ఉంది.

తడి తలకి పాత టీషర్టు చుట్టుకుని వంటింట్లోకి వచ్చిన హరిచందన, ఆ సీసాను చూసి గుమ్మంలోనే కొయ్యబారింది.

"అమ్మా, ఇందులో జెల్ ఏదే?"

"జెల్లా? గంజి కాదూ?" అంది అమ్మాజీ పెసరట్టు తిరగేస్తూ. "నీ మంగళగిరి చీరకి పెట్టేశాను. సెమినార్‌కి ఫెళఫెళలాడుతూ వెళ్లొద్దూ!"

అది అవిసె గింజల జెల్. జుట్టుకి రాసుకునేది. నిన్న సాయంత్రమంతా స్టవ్ ముందు నిలబడి, గింజలు ఉడికించి, వేడివేడిగా పాత చున్నీలో వడకట్టి, వేళ్లు కాల్చుకుని మరీ చేసింది హరిచందన.

అమ్మాజీ పొద్దున్నే ఫ్రిజ్ తెరిచింది. పిల్లకి ఇన్నాళ్లకి ఇంటి పని పట్టుబడిందని పొంగిపోయింది. పైటచెంగుతో కళ్లు ఒత్తుకుని, సీసా మొత్తం బకెట్లో కుమ్మరించింది.

సెమినార్ పదకొండింటికి. జుట్టు తడారిందంటే ఇక ఏ జెల్లూ పనిచేయదు.

ఆ జుట్టు సంగతి కాస్త చెప్పాలి. స్ట్రెయిటెనింగ్ మానేసి ఏడాది దాటింది. చెవుల దాకా పుట్టుకతో వచ్చిన ఉంగరాలు. అక్కణ్నించి కిందికి, మందులు తాగిన పాత వెంట్రుకలు చీపురుపుల్లల్లా. ఒకే తల మీద రెండు రాష్ట్రాలు. సరిహద్దు దగ్గర రోజూ గొడవే.

లైబ్రరీలో ఆ పిల్ల వెనక కూర్చున్నవాళ్లకి ఫ్యాను గాలి ఆడదట. ఓ మధ్యాహ్నం ఆర్ట్స్ కాలేజీ దగ్గర, పావురం ఒకటి ముక్కున పుల్ల కరుచుకుని ఆ తల చుట్టూ ప్రదక్షిణలు చేసి, స్థలం నచ్చి, పెళ్లాన్ని తీసుకొస్తానని వెళ్లిందట. క్యాంపస్‌లో అనుకుంటారు.

అటెండర్ శివకుమార్ అయితే మొహం మీదే అనేశాడు. "ఏంది మేడం, ప్లగ్గుల వేలు వెట్టిన్రా?"

పీహెచ్‌డీ గైడ్ శ్యామలాంబ గారు నవ్వను కూడా నవ్వలేదు. "సెమినార్‌కి బయటివాళ్లు వస్తారమ్మా. కాస్త తల సరిచేసుకుని రా."

అందుకే తల్లీకూతుళ్లకి ఒప్పందం. ఇవాళ ఈ జుట్టుతోనే వెళ్తుంది. ఒక్కరు వంక పెట్టినా సరే, ఆదివారం తార్నాకలో పార్లర్‌కి వెళ్లి మళ్లీ స్ట్రెయిటెనింగ్ చేయించుకోవాలి. అపాయింట్‌మెంట్ అమ్మాజీ ముందే తీసేసుకుంది.

అసలెందుకు మానేశావే అని అడిగినప్పుడల్లా, "ఊరికే" అంటుంది హరిచందన.

"మళ్లీ చేసుకోరాదూ? ఎంతసేపే?" అంది అమ్మాజీ.

"గింజలైపోయాయి. ఉన్నా, చల్లారడానికే గంట."

"అయితే కొబ్బరినూనె పెట్టి గట్టిగా జడేసేస్తాను, దా..."

"అమ్మా!"

హాల్లో పేపరు వెనక నుంచి తండ్రి సుందరరావు అందుకున్నాడు. "దాన్నెందుకే సతాయిస్తావు? మా వంశంలో జుట్టంటే అదీ! మా మేనత్త కొప్పులో కార్తీకంలో పోయిన తాళాలగుత్తి మాఘంలో దొరికింది. ఒక్క తాళానికీ తుప్పు పట్టలేదు తెలుసా!"

"మీరూరుకోండి!" "నువ్వూరుకో నాన్నా!"

ఆ వారంలో ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

హరిచందన టీషర్టు విప్పింది. నడినెత్తిన అప్పుడే వెంట్రుకలు ఒక్కొక్కటీ లేచి నిలబడుతున్నాయి. చేత్తో అణిచింది. మళ్లీ లేచాయి. ఇంకోసారి అణిచింది.

టీషర్టు నేలకేసి కొట్టింది.

"సరే, నువ్వే గెలిచావు. ఆదివారం దాకా ఎందుకు? ఇవాళే పద. సెమినార్ అయ్యాక అట్నుంచటే పోదాం."

అమ్మాజీ స్టవ్ ఆపింది. ఆ మొహం గెలిచిన మనిషి మొహంలా లేదు.

"చీర ఇంకా బకెట్లోనే ఉందే," అంది మెల్లగా. "పిండలేదు."

బాత్రూంలో పీట మీద తల వంచుకు కూర్చుంది హరిచందన. అమ్మాజీ బకెట్లోంచి మంగళగిరి చీర కొంగు పైకి తీసి, రెండు చేతులా మెలితిప్పి ఆ తల మీద పిండింది. జిగట తీగలు తీగలుగా కారింది.

"ఇప్పుడేం చెయ్యాలి? దువ్వనా?"

"దువ్వెన ముట్టుకోకు. గుప్పిట పట్టి పైకి నొక్కు. మెల్లగా."

అమ్మాజీ నొక్కింది. ఎన్నేళ్లయిందో ఈ పిల్ల తన చేతికి తల ఇచ్చి. వెంట్రుకలు ఆవిడ వేళ్ల సందుల్లో వాటంతటవే చుట్టలు చుట్టుకున్నాయి.

"ఓలమ్మో, భలే తిరుగుతోందే!"

అంటూనే ఆగిపోయింది.

నడినెత్తికి కాస్త వెనగ్గా, చింతగింజంత మేర వెంట్రుక లేదు. చర్మం నున్నగా మెరుస్తోంది.

"ఇదేవిటే?"

"స్ట్రెయిటెనింగ్ మందుకి కాలింది."

"ఎప్పుడు?"

"నిరుడు. నా పుట్టినరోజుకని పార్లర్‌కి తీసుకెళ్లావు చూడు, అప్పుడు."

"మంట పుట్టలేదూ?"

"పుట్టింది."

"వెనకే కూర్చున్నాను కదే. చెప్పొద్దూ?"

"అద్దంలో నన్ను చూసి మురిసిపోతున్నావమ్మా."

హాల్లోంచి సుందరరావు కేకేశాడు. "పదైంది, ఆటో పిలవనా?"

"చాల్లేమ్మా, ఇక వెళ్లాలి," అంది హరిచందన. "చుడీదార్ వేసుకుని పోతాను."

చీరలో చుక్క మిగల్లేదు. అమ్మాజీ ఇంకా పిండుతూనే ఉంది.