అంగిట్లో గడ్డ

ఇంటింటా పళ్లు తోముకునే బ్రష్షే ఉమ్మి చూసి జబ్బు చెప్పే రోజులవి. చెప్పినా ఆస్పత్రికి కదలనివాళ్లను బతిమాలడం పైడితల్లి ఉద్యోగం. ఆ ఉదయం ఆమె సొంత బ్రష్షే ఆమెకు అంగిట్లో ఉమ్మి ఊరే చిన్న గ్రంథిలో గడ్డ పెరుగుతోందని చెప్పింది. నోరు పుక్కిలించి పనికి వెళ్లింది.

ఎండలో తిరిగి తిరిగి పన్నెండో ఇంట్లో, దాలమ్మ అరుగు మీద కూలబడింది. ముసలామెకూ అలాంటి గడ్డే. మూడు నెలలుగా ఆస్పత్రికి రానంటోంది.

"నొప్పి నేదు, ఏటీ నేదు. నానెందుకు రావాల?" అంది దాలమ్మ.

రోజూ చెప్పే మాటలు చెప్పే ఓపిక పైడితల్లికి లేకపోయింది. "నాకూ వచ్చిందట మామ్మా. పొద్దున్నే తెలిసింది. ఎల్లాలంటే బయమేస్తంది."

దాలమ్మ లేచింది. చేటలోని ఎండుచేపలు లోపల పెట్టి, తలుపుకు గొళ్లెం వేసి, చెప్పులు తొడుక్కుంది.

"ఒక్కదానివీ ఏటెల్తావు, పద," అంది.